ఇంగ్లండ్ తీరంలో చిన్న తెరచాప యాట్ కొనుక్కుని తిరగాలంటే లైసెన్స్ కావాలా?

సొంత సరదాకు వాడే చిన్న యాట్‌కి అక్కడ నడిపే లైసెన్స్ అడగరు. అయినా బ్రిటన్‌లో పడవ నడపడంలో శిక్షణ చూసే రాయల్ యాటింగ్ అసోసియేషన్ వారి డే స్కిప్పర్ (పగటిపూట చిన్న యాట్ నడపడం నేర్పే) కోర్సు చేయకుండా బయల్దేరవద్దనే నేను చెబుతాను. సముద్రంలో మాట్లాడుకోవడానికి వాడే వీహెచ్‌ఎఫ్ రేడియోకి మాత్రం పడవకు లైసెన్స్, వాడే మనిషికి సర్టిఫికెట్ తప్పనిసరి.

అసలు నేర్చుకోవాల్సింది ఆటుపోట్ల గురించి. ఐల్ ఆఫ్ వైట్ ద్వీపాన్ని ప్రధాన భూభాగం నుంచి వేరుచేసే సోలెంట్ జలసంధినే తీసుకోండి. దాని పడమటి చివర హర్స్ట్ కోట దగ్గర దారి బాగా ఇరుకు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు అక్కడి ప్రవాహం 4 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్ల వేగం) దాటుతుంది. 26 అడుగుల యాట్ వేగమేమో సుమారు 5 నాట్లు. ఎదురెళితే గంటసేపైనా కోట పక్కనే ఉన్నట్టుంటుంది, ప్రవాహంతో వెళితే క్షణాల్లో దాటేస్తారు. నీళ్లు పడమటికి లాగుతున్నప్పుడు నైరుతి గాలి ఎదురొస్తే అలలు నిటారుగా లేస్తాయి. కొత్తవాళ్లకు అది నిజంగా ప్రమాదం. ఆటుపోట్ల పట్టిక, వాతావరణ సూచన రెండూ కలిపి చూశాకే లంగరు ఎత్తాలి.

ఖర్చులో పెద్దది పడవ నిలిపే చోటుకు కట్టే అద్దె. మెరీనాల్లో, అంటే యాట్లు నిలిపే రేవుల్లో, పడవ పొడవును బట్టి వసూలు చేస్తారు. అడుగున రెండు కీల్స్ (నీళ్లలోకి దిగే రెక్కల్లాంటివి) ఉన్న యాట్ ఎదురుగాలికి కాస్త వెనకబడుతుంది కానీ, ఆటుకు నీళ్లు తగ్గినప్పుడు బురదలో నిటారుగా కూర్చుంటుంది. కాబట్టి చవకగా దొరికే లోతులేని రేవుల్లోనూ ఉంచుకోవచ్చు. మొదటి యాట్‌గా నేనైతే అదే కొనమంటాను.