ఒక గ్రూపులో ప్రభావం కనిపించి, ఇంకో గ్రూపులో కనిపించకపోతే?

ప్రశ్న: ట్యూమర్ సైజు మగవాళ్ల మనుగడపై ప్రభావం చూపుతోందని (పీ విలువ 0.03; అసలు ప్రభావమే లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం ఇది, మామూలుగా 0.05 లోపు ఉంటేనే ప్రభావం ఉందంటారు), ఆడవాళ్లలో చూపట్లేదని (0.11) వచ్చింది. అంటే ఆ అంశం మగవాళ్లకే వర్తిస్తుందా?

అలా చెప్పలేం. చాలా పేపర్లు ఇక్కడే తప్పటడుగు వేస్తాయి. సర్వైవల్ అనాలిసిస్‌కి (పేషెంట్లు ఎంతకాలం బతికారో లెక్కించే పద్ధతికి) బలం వచ్చేది పేషెంట్ల సంఖ్య కంటే, నమోదైన మరణాల సంఖ్య నుంచి. ఆడవాళ్లలో మరణాలు తక్కువగా ఉంటే, ప్రభావం అంతే ఉన్నా పీ విలువ పెరుగుతుంది.

మీ హజార్డ్ రేషియోలు (ట్యూమర్ పెద్దదైతే మరణం రేటు ఎన్ని రెట్లు అవుతుందో చెప్పేవి; 1 అంటే తేడా లేనట్టు) ఇలా ఉన్నాయనుకోండి: మగవాళ్లలో 1.8 (95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే అసలు విలువ ఉండగల పరిధి, 1.06 నుంచి 3.06), ఆడవాళ్లలో 1.6 (0.90 నుంచి 2.85). ఒక ఇంటర్వెల్ మొత్తం 1కి పైన ఉంది, ఇంకొకదాని కింది అంచు 1కి కొద్దిగా కింద ఉంది, అంతే. రెండింటి మధ్య తేడాని నేరుగా పరీక్షిస్తే పీ విలువ 0.77 దగ్గర వస్తుంది! అందుకే రెండు గ్రూపులనీ ఒకే కాక్స్ మోడల్‌లో (హజార్డ్ రేషియోలని లెక్కగట్టే మోడల్) పెట్టి, సైజుకీ గ్రూపుకీ ఇంటరాక్షన్ (సైజు ప్రభావం గ్రూపుని బట్టి మారుతోందా అని చూసే పదం) చేర్చండి. చూడాల్సింది దాని పీ విలువనే.

కాప్లాన్-మేయర్ గ్రాఫులు (కాలం గడిచేకొద్దీ ఎంతమంది బతికున్నారో చూపే గీతలు), లాగ్-ర్యాంక్ టెస్ట్ (ఆ గీతల మధ్య తేడాని పరీక్షించేది) ఎలాగూ వేస్తారు. మధ్యలో ఫాలో-అప్‌కి రావడం మానేసినవాళ్లని అవి లెక్కలోకి తీసుకుంటాయి గానీ, మామూలు లాగ్-ర్యాంక్ వయసు, స్టేజి లాంటి తేడాలని సర్దదు.

ఒకవేళ ఆ గ్రాఫుల్లో గీతలు ఒకదాన్నొకటి స్పష్టంగా దాటుతుంటే, మొత్తం కాలానికి ఒకే హజార్డ్ రేషియో చెప్పడం తప్పుదారి పట్టిస్తుంది. ముందు షోన్‌ఫెల్డ్ రెసిడ్యువల్స్ (హజార్డ్ రేషియో కాలంతో మారుతోందా అని పట్టిచ్చేవి) చూడండి.