మొక్కజొన్న దేవతా, ధాన్యదేవతా?

సందేహం: మా ఊళ్ళో తెలుగువాళ్ళమంతా కలిసి చేసుకునే సంక్రాంతి సంబరాల్లో పిల్లలకు క్విజ్ పెడుతున్నాం. ప్రపంచంలోని పంటల పండుగలు, వాటి వెనక ఉన్న దేవతల కథలు మా విషయం. ఇంగ్లీషులో దొరికిన ప్రశ్నలను నేనే తెలుగు చేశాను. ‘హార్వెస్ట్ ఫెస్టివల్’ అన్నచోట ‘కోతల పండుగ’ అని రాస్తే మా అత్తయ్య చదివి, ‘సంక్రాంతికి కోతలేమిటమ్మా, అవి ఎప్పుడో అయిపోతేనూ’ అని నవ్వారు. గ్రీకుల డిమీటర్‌ను ‘గాడెస్ ఆఫ్ కార్న్’ అన్నారు కాబట్టి ‘మొక్కజొన్న దేవత’ అని రాశాను. సరైనదేనా? ‘గ్రీకు పురాణాలు’ అనవచ్చా? సంకురాత్రిలో రాత్రి ఎందుకుంది? ప్రశ్నల కాగితం జతచేశాను, ఒకసారి చూడగలరు.
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

సమాధానం: మీ అత్తయ్యగారు సరిగ్గానే పట్టుకున్నారు. కోతకూ సంక్రాంతికీ మధ్య బోలెడు పని జరిగిపోయి ఉంటుంది. సార్వా వరి కోతలు కార్తిక మార్గశిరాల్లో అవుతాయి. కోసిన పనలు ఆరాలి, కట్టలు కట్టాలి, కుప్ప వెయ్యాలి, ఆ కుప్ప విప్పి కళ్ళంలో నూర్చాలి, తూర్పారపట్టాలి, కొలవాలి, బస్తాలకెత్తి ఇంటికి తోలాలి. ఇదంతా అయ్యాక, గాదె నిండి చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నప్పుడు వచ్చేది సంక్రాంతి. ఇంగ్లీషువాళ్ళు ఈ మొత్తాన్నీ ‘హార్వెస్ట్’ అనే ఒక్క మాటలో కట్టేశారు. నిజానికి ఆ మాట మొదట్లో పనికి కాదు, కాలానికి పేరు. పాత ఇంగ్లీషులో దానికి శరత్తు అని అర్థం. జర్మన్‌లో దాని చుట్టమైన ‘హెర్బ్‌స్ట్’కు ఇప్పటికీ అదే అర్థం. అలాంటి మాట మనకూ ఒకటుంది: సుగ్గి. కన్నడంలో అది పంటకాలానికి పేరు. మన ఆదోని వైపు కూలీలు పనికోసం వలసపోతే ‘సుగ్గికి పోయినారు’ అంటారు. పేపర్లలో కనిపించే ‘సుగ్గిబాట’ అదే.

‘కోతల పండుగ’తో ఇంకో చిక్కుంది. కోతలు కోసేవాళ్ళు పొలంలోనే ఉండరు కదా, అరుగుల మీదా ఉంటారు. ‘కోతలరాయుడు’ అన్న మాట ఎరిగిన పెద్దవాళ్ళు మీ పోస్టర్ చూస్తే ముందు అదే గుర్తుకొస్తుంది. పైగా ఏకవచనంలో ‘కోత పండుగ’ అన్నది ఇప్పటికే ఒకరి సొంతం. తెలుగు క్రైస్తవులు తమ సంఘాల్లో చేసుకునే హార్వెస్ట్ ఫెస్టివల్‌ను అలాగే పిలుస్తారు. ధాన్యం, గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్ళు తెచ్చి గుడిలో అర్పిస్తారు, తర్వాత వేలం వేస్తారు. అది తెలుగు బైబిల్లో ఉన్న మాట. యూదుల సుక్కోత్ మీ 6వ ప్రశ్నలో ఉంది, దానికీ అందులోనే ‘పర్ణశాలల పండుగ’ అనే చక్కటి పేరుంది. ‘గుడారాల పండుగ’ అని మళ్ళీ కొత్తగా తెలుగు చెయ్యనక్కరలేదు.

సంక్రాంతికి ‘పంటల పండుగ’ అనండి. పండు అనే క్రియ నుంచే పంట వచ్చింది. ఆ మాట చేల్లో ఉన్నప్పుడూ సరిపోతుంది, ఇంటికొచ్చాకా సరిపోతుంది. కొన్ని పండుగలు కోతవీ కావు, కొలతవీ కావు, తినడానివి. ఒడియావాళ్ళ ‘నువాఖాయి’లో నువా అంటే కొత్త, ఖాయి అంటే తినడం. మన ఆదివాసుల ‘కొత్తల పండుగ’ పేరు కూడా ఇదే పద్ధతిలో పుట్టింది. వాటిని ‘హార్వెస్ట్’ మూసలో పోయకుండా ఆ పేర్లతోనే ఉంచితే పిల్లలకు ఎక్కువ తెలుస్తుంది.

కళ్ళం దాకా వచ్చాం కాబట్టి ఒక్క నిమిషం అక్కడే నిలబడదాం. ఎత్తు మీద నిలబడ్డ మనిషి చేటలోంచి ధాన్యాన్ని సన్నగా జారవిడుస్తాడు. గట్టిగింజ కాళ్ళ దగ్గర పడుతుంది, తాలూ పొట్టూ గాలివాటుకు దూరంగా పోతాయి. ఇదే తూర్పారపట్టడం. చాలామంది అనుకునేట్టు ఇందులో తూర్పు దిక్కు లేదు. తూర్పు అంటే ఇక్కడ ఎగరబోయడం, తమిళంలో ‘తూఱ్ఱు’ అన్నా అదే. ‘ప్రతిపక్షం ప్రభుత్వాన్ని తూర్పారబట్టింది’ అని పేపర్లో రాసేవాళ్ళకు చేట గుర్తుండకపోవచ్చు. తమిళంలో కూడా ఆ మాటకు దుమ్మెత్తిపోయడం అనే అర్థం వచ్చింది. ఇక కొలత. కుంచం ముంచిన మనిషి మొదటిదాన్ని ‘ఒకటి’ అనడు, ‘లాభం’ అంటాడు. తర్వాత రెండు, మూడు. మీ క్విజ్‌లో పెట్టదగిన ప్రశ్న ఇది: ‘తెలుగు కళ్ళంలో రెండుకు ముందు వచ్చే అంకె ఏది?’ దీనికి తోడుగా ఇంకోటి: ‘ఆరున్నొక్క రాగం’ అంటే ఏమిటి? ఆరూ ఒకటీ ఏడు, ఏడు అంటే ఏడుపు.

ఇప్పుడు మొక్కజొన్న. ఇక్కడ మీ తప్పేమీ లేదు, నిఘంటువే మిమ్మల్ని తప్పుదారి పట్టించింది. అమెరికాలో కార్న్ అంటే మొక్కజొన్నే. ఇంగ్లండులో మాత్రం ఆ ఊరి ముఖ్యమైన తిండిగింజ ఏదైతే అదే కార్న్: ఎక్కువగా గోధుమ, స్కాట్లండు వెళ్తే ఓట్స్. అమెరికా వెళ్ళి స్థిరపడినవాళ్ళు అక్కడి గింజను ‘ఇండియన్ కార్న్’ అన్నారు, తర్వాత ముందుమాట ఊడిపోయింది. బొమ్మల్లో డిమీటర్ చేతిలో చెక్కింది గోధుమ, బార్లీ కంకులే. మొక్కజొన్న పుట్టిల్లు అమెరికా ఖండం. 1492లో కొలంబస్ అటు వెళ్ళేదాకా గ్రీకులు కాదు కదా, వాళ్ళ దేవతలైనా దాన్ని చూసి ఉండరు. మీ కాగితంలోనే ఈజిప్టు ఒసైరిస్‌ను కూడా ‘మొక్కజొన్న దేవుడు’ అన్నారు. అదీ మార్చాలి, ఆయన నేలలో పండింది బార్లీ, ఒక రకం గోధుమ. ఆ పేరు నిజంగా చెల్లేవాళ్ళు వేరే ఉన్నారు: ఆజ్టెకుల సెంటియోటల్, మాయా ప్రజల మొక్కజొన్న దేవుడు. మనుషుల్ని దేవతలు మొక్కజొన్న పిండితో చేశారని మాయా ప్రజల గ్రంథం ‘పోపోల్ వుహ్’ చెబుతుంది.

డిమీటర్‌కు ‘ధాన్యదేవత’ సరిపోతుంది. కానీ కార్న్‌ను చూసి నవ్వుకునే హక్కు మనకు లేదు, ఎందుకంటే మన ధాన్యం కూడా సరిగ్గా అదే పని చేసింది. సంస్కృతంలో ధాన్యం అంటే ఏ తిండిగింజైనా సరే. నవధాన్యాలు అన్నప్పుడు ఆ అర్థమే ఉంది. అదే గోదావరి జిల్లా రైతు ‘ధాన్యం అమ్మేశాను’ అంటే వడ్లు అని వేరే చెప్పాలా? ధాన్యం కొనుగోలు కేంద్రానికి జొన్నలు ఎవరూ తోలుకెళ్ళరు. అన్నం సంగతీ ఇంతే. తినేది ఏదైనా అన్నమే ఒకప్పుడు. ఇప్పుడు ఉడికిన బియ్యం అయికూర్చుంది, జొన్నలతో వండితే ‘జొన్నన్నం’ అని విడిగా చెప్పుకోవలసి వస్తోంది. దీన్ని భాషాశాస్త్రంలో అర్థసంకోచం అంటారు. ఏ ఊళ్ళోనైనా ఎక్కువగా పండే గింజే అందరి పేరూ మింగేస్తుంది.

రోమన్లు డిమీటర్‌ను తమ సెరెస్‌తో కలిపేసుకున్నారు. పొద్దున పిల్లలు పాలల్లో పోసుకుని తినే సీరియల్ పేరు ఆవిడదే. రాత్రి పెద్దవాళ్ళు చూసే సీరియల్ వేరు, అది ‘సిరీస్’ సంతతి. ఇంగ్లీషులో స్పెల్లింగు వాటిని విడదీస్తుంది, తెలుగులో రాసేసరికి రెండూ ఒకటైపోయాయి!

మీరు అడగలేదు గానీ, కాగితంలో ఇంకో రెండుచోట్ల నా పెన్ను ఆగింది. ‘రోమన్ల వ్యవసాయ దేవుడు ఎవరు? శని’ అని ఉంది. గ్రహం ఒకటే, దేవుళ్ళు వేరు. రోమన్ల సాటర్న్ విత్తనాల దేవుడు, చేతిలో కొడవలి. డిసెంబరు 17న మొదలయ్యే ఆయన పండుగలో యజమానులే బానిసలకు వడ్డించేవారు. మన శని సూర్యుడి కొడుకు. శనైః అంటే మెల్లగా, మెల్లగా నడిచేవాడు కాబట్టి శనైశ్చరుడు. ఆ గ్రహం ఒక చుట్టు తిరగడానికి ఇరవై తొమ్మిదిన్నరేళ్ళు పడుతుంది మరి. శనిదేవుడు పంటలిస్తాడని పిల్లలు ఇంటికొచ్చి చెబితే బామ్మలకు టెన్షన్ వస్తుంది. అలాగే డిమీటర్ కూతురు పెర్సెఫొనీని ఎత్తుకెళ్ళింది ‘యముడు’ కాదు, పాతాళాన్నేలే హేడిస్. యముడు ప్రాణాలు తీసుకుపోతాడు గానీ పిల్లను ఎత్తుకుపోయి పెళ్ళాడడు. ఆ కథలో కూతురు కనబడక తల్లి పైర్లన్నీ ఎండగట్టేస్తుంది, చివరికి రాజీ కుదిరినా కింద తిన్న దానిమ్మగింజ వల్ల పెర్సెఫొనీ ఏడాదిలో మూడోవంతు పాతాళంలోనే ఉండాలి. దేవతల పేర్లను తెలుగు చెయ్యకండి. వాళ్ళు చేసే పనిని తెలుగు చెయ్యండి చాలు.

మరి ‘గ్రీకు పురాణాలు’? మన శాస్త్రం ప్రకారం పురాణానికి ఐదు లక్షణాలుండాలి: సర్గ, ప్రతిసర్గ, వంశం, మన్వంతరం, వంశానుచరితం. అంత కచ్చితంగా చూస్తే గ్రీకులకు పురాణాల్లేవు. అయితే ‘వాడి పురాణం మొదలెట్టాడు’ అనేటప్పుడు మనమూ లక్షణాలు లెక్కపెట్టం. ఒక కథకు ‘గ్రీకు పురాణగాథ’, మొత్తానికి ‘గ్రీకు పురాణాలు’ అనడానికి నాకు అభ్యంతరం లేదు. విమర్శ వ్యాసాల్లో కొందరు వాడే ‘మిత్’ కూడా పరవాలేదు. దాన్ని ‘మిథ్’ అని ఒత్తు పెట్టి, మిథ్య నుంచి వచ్చిందని చెప్పడం మాత్రం తప్పు. గ్రీకు ‘మూథోస్’కు మాట, కథ అని అర్థం. సంస్కృతంలోని మిథ్య అబద్ధం. చూడ్డానికి ఒకలా ఉన్నంత మాత్రాన చుట్టరికం కలవదు.

సంకురాత్రిలో రాత్రి లేదు. సంక్రాంతి అంటే దాటి చేరడం, సూర్యుడు ఒక రాశినుంచి మరో రాశిలోకి వెళ్ళడం. అలాంటివి ఏడాదికి పన్నెండు. రోగం ‘సంక్రమించింది’ అన్నప్పుడు ఉన్న ధాతువూ ఇదే. పల్లె నోటికి ‘క్ర’ బరువై మధ్యలో అచ్చు చేరింది, శ్రీ సిరి అయినట్టు, రత్నం రతనం అయినట్టు. సంకురాతి దాకా వచ్చాక, అలవాటైన శివరాత్రి పక్కనే ఉండటంతో చివర రాత్రి వచ్చి కూర్చుంది. దీన్ని లోకనిరుక్తి అంటారు. సంకురాత్రి, సంకురాతిరి రెండూ మంచి తెలుగే, సంక్రాంతి అని దిద్దనక్కరలేదు. ఇక మరాఠీ స్నేహితులున్న పిల్లలకు ఒక మాట చెప్పండి. వాళ్ళ భాషలో ‘సంక్రాంత్ వచ్చింది’ అంటే ఆపద ముంచుకొచ్చిందని కూడా అర్థం. ఏడాదికో వాహనమెక్కి వచ్చే సంక్రాంతి దేవి ఎటు చూస్తే అటు కీడని అక్కడివాళ్ళ నమ్మకం. మన పంచాంగాల్లో ఆ వాహనమెక్కేది సంక్రాంతి పురుషుడు.

చివరగా, 14వ ప్రశ్నకు మీరిచ్చిన జవాబు ‘పొంగల్ అంటే అన్నం’. కాదు, పొంగడం. కుండలో పాలు పొంగితే తమిళులు ‘పొంగలో పొంగల్’ అని కేకలు పెడతారు. మన పొంగలిలోనూ ఉన్నది ఆ పొంగే.