పాప చెవులకు కవరింగ్ కమ్మలు వద్దు

చెవులు కుట్టించి రెండు వారాలైందని, గోల్డ్ కవరింగ్ కమ్మలు పెట్టాక పాప తమ్మెలు ఎర్రబడి దురద పెడుతున్నాయని రాశారు. నా అనుమానం ఆ కమ్మల మీదే. పూత కింద నికెల్ ఉంటే పచ్చి గాయానికి పడదు. 916 ముద్ర ఉన్న 22 క్యారెట్ల బంగారు పోగులు గానీ, ఇంప్లాంట్ రకం (శరీరం లోపల అమర్చడానికి వాడే నాణ్యత గల) టైటానియం కమ్మలు గానీ పెట్టించండి. ‘సర్జికల్ స్టీల్’ అన్న పేరు చూసి నమ్మేయకండి, సాధారణంగా అందులోనూ నికెల్ ఉంటుంది. మీరే తీసి ఊరుకోవద్దు. ఈ దశలో రంధ్రం త్వరగా పూడిపోతుంది, కుట్టినవారి చేతే మార్పించండి. శీల మరీ బిగించకూడదు, వాపుకు కాస్త చోటుండాలి. బుట్టకమ్మల ముచ్చట కొన్ని నెలలు ఆగాల్సిందే. పసుపు, నూనె మానేసి సెలైన్‌తో (శుభ్రమైన ఉప్పునీటి ద్రావణంతో) తుడవండి. చీము, జ్వరం కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.