పోగు తీసే చెయ్యి

విజయనగరం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ నిన్న సాయంత్రం అందింది. రాత్రే రెండుసార్లు చదివాను. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వే చోట నాకు ఒక్క మాట కూడా మార్చాలనిపించలేదు. పొందూరులో పుట్టినదానివి కాబట్టి అది నీకు అబ్బింది. చిక్కంతా కథలోని అమ్మమ్మకు వచ్చిన పార్కిన్సన్స్ జబ్బు దగ్గరే వచ్చింది.

'పోగు తీస్తుంటే చెయ్యి వణికి నూలు తెగింది' అని రాశావు. పార్కిన్సన్స్ వణుకు సాధారణంగా పని చేస్తున్న చేతిలో కాదు, ఊరికే ఉన్న చేతిలో కనిపిస్తుంది. మీ అమ్మమ్మ రాట్నం ఆపి చెయ్యి ఒళ్లో పెట్టుకున్నప్పుడు చూడు. బొటనవేలు చూపుడువేలి మీద అదే పనిగా కదులుతూ ఉంటుంది, లేని పోగును పేనుతున్నట్టు. దూది అందుకోబోతే ఆ కదలిక తగ్గుతుంది. మరి నూలు ఎందుకు తెగుతుందంటావా? చెయ్యి నెమ్మదించి, చక్రం వేగాన్ని అందుకోలేక. ఇంత మంచి దృశ్యం కళ్లెదుట ఉండగా సినిమా వణుకు మనకెందుకు?

ఇక రెండో పేజీలో డాక్టరు చేత చెప్పించిన వాక్యం: 'మెదడులో డోపమైన్ తగ్గడం వల్ల ఈ జబ్బు వస్తుంది.' తప్పు కాదు. డోపమైన్ అంటే కదలికలకు కావలసిన సందేశాలను మెదడు కణాల మధ్య మోసే రసాయనం. కానీ ఆ వాక్యం కొట్లో సరుకు లేదని చెప్పి ఊరుకున్నట్టుంది. తెచ్చేవాళ్లు, అంటే డోపమైన్ తయారుచేసే కణాలు, ఏమయ్యాయి? మెదడులో కోటానుకోట్ల కణాలుండగా వీటికే ఎందుకు ఈ గతి పట్టింది? మనవరాలు అడగాల్సిన ప్రశ్న అది.

ఆ కణాలు మధ్యమెదడులో ఒక నల్లని చార. చనిపోయిన రోగి మెదడును కోసి చూస్తే ఆ నలుపు వెలిసిపోయి ఉంటుంది. 1919లోనే ట్రెటియాకాఫ్ అనే పరిశోధకుడు ఈ సంగతి గమనించాడు. డోపమైన్ తనంతట తానే ఆక్సీకరణ చెంది కణాన్ని దెబ్బతీయగలదు గనుక తప్పంతా దానిదే అనిపిస్తుంది. కానీ పక్కనే ఉన్న మరో గుంపు కూడా డోపమైన్ తయారుచేస్తుంది, అది చాలావరకు తట్టుకుంటుంది. కాబట్టి డోపమైన్ ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టలేం.

తేడా చాకిరీలో ఉన్నట్టుంది. నల్లచారలోని ఒక్క కణం కొమ్మలన్నీ కలిపితే నాలుగు మీటర్లు దాటుతాయని అంచనా. అంటే మీ ఊరి పంచె ఒకటి పొడవునా పరిచినంత. ఆ ఒక్క కణమే 10 లక్షలకు పైగా చోట్ల డోపమైన్ అందించాలి. పైగా ఎవరూ పిలవకపోయినా సెకనుకు కొన్నిసార్లు తనంతట తానే విద్యుత్ సంకేతం పంపుతూ ఉంటుంది. ప్రతిసారీ లోపలికి కాల్షియం వస్తుంది, దాన్ని బయటికి తోడిపోయడానికి శక్తి ఖర్చవుతుంది. ఆ శక్తినిచ్చే మైటోకాండ్రియాలు ఏళ్ల తరబడి అలా నలిగి చివరకు చతికిలపడతాయి. కాలిఫోర్నియాలో 1982లో కల్తీ మాదకద్రవ్యం ఎక్కించుకున్న కొందరు యువకులు కొద్ది రోజుల్లోనే కొయ్యబారిపోయారు. అందులోని విషం డోపమైన్ వెళ్లే దారినే ఈ కణాల్లోకి దూరి మైటోకాండ్రియాలను దెబ్బతీసింది. మీ అమ్మమ్మ అటువంటిదేమీ ముట్టలేదు. అయినా ఆ కణాల ఆయువుపట్టు ఎక్కడుందో ఆ దుర్ఘటన చూపించింది.

కణాల్లో ముద్దకట్టే ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రోటీన్ సంగతీ ఉంది. ఆ ముద్దలే చంపుతున్నాయా, లేక కణం చెత్తను ఓ మూలకు చేర్చుకుంటోందా అన్న వాదన ఇంకా తెగలేదు. కథలోనూ తెంచకు. కాల్షియం దారిని అడ్డుకునే మందును 336 మందిపై మూడేళ్లు పరీక్షించారు. 2020లో వచ్చిన ఫలితం ప్రకారం జబ్బు నెమ్మదించలేదు. అంత ముచ్చటైన వివరణకు ఇది అడ్డం వస్తుందని దాచావో, నీ డాక్టరు మాట నేను నమ్మను. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి నీ చిన్నప్పటి నుంచీ వింటున్నావు కదా. ఒకసారి నీళ్లన్నారు, ఒకసారి సిలికా అన్నారు, మరోసారి పురుగుమందులన్నారు. ప్రతిసారీ దొంగ దొరికేసినట్టే రాశారు. అలా రాసినవాళ్లలో నేనూ ఒకణ్ణి, ఆ వ్యాసం ఇప్పుడు చదువుకుంటే సిగ్గేస్తుంది.

చివర్లో మాత్రతో అమ్మమ్మకు నయం చేసేశావు. ఆ మాత్రలోని లెవోడోపా అనే మందు కొరవడిన సరుకును తెచ్చిపెడుతుంది, కదలిక తేలికపడుతుంది. కణాలు రాలడం మాత్రం ఆగదు. ఆమెను కొన్ని గంటలు హాయిగా వడకనివ్వు, అది చాలు.

ఒక్క సంగతి అడగాలి. నీ కథలో రెండు చేతులూ ఒకేసారి వణికాయి. ఈ జబ్బు చాలామందిలో ఒక వైపే మొదలవుతుంది. మీ అమ్మమ్మకు మొదట వచ్చింది చక్రం తిప్పే చేతికా, పోగు తీసే చేతికా? అది తెలుసుకుని రాయి. అందాకా ఈ ప్రతి నా దగ్గరే ఉంటుంది.

ఇట్లు,
మాస్టారు