‘మీ ఇష్టం సార్’ అనకు

శ్రీకాకుళం

అమ్మడూ,

నిన్న ఫోన్లో నువ్వన్న మాట చెవిలోంచి పోవడం లేదు. “కన్ఫర్మేషన్ లెటర్ ఇస్తారట మామయ్యా, వచ్చేవారం హెచ్‌ఆర్ పిలుస్తారు. ఎంతిస్తే అంత. మనం నోరు తెరిచి అడిగితే ఏం బాగుంటుంది” అన్నావు. జవాబు చెబుదామంటే వెనక కంపెనీ బస్సు హారన్లు, రణస్థలం దాటాక సిగ్నలూ పోయింది. అందుకే కూర్చుని రాస్తున్నాను. షిఫ్ట్ దిగాక నిదానంగా చదువుకో.

నేను ఇరవై ఎనిమిదేళ్ళు జీతాల బిల్లు రాసినవాణ్ణి. ఎవరికెంత అనేది తేల్చే కుర్చీలో నేను కూర్చోలేదు కానీ, ఆ కుర్చీ పక్కనే కూర్చున్నాను. అక్కడ చూసింది నీకు చెప్పకపోతే ఎలా?

1994లో ఒక ఫ్యాక్టరీలో అకౌంట్స్ గుమాస్తాగా చేరాను. ఇంటర్వ్యూ అయ్యాక మేనేజరు “ఏమాత్రం కావాలోయ్?” అని అడిగాడు. “మీ ఇష్టం సార్” అన్నాను. తలూపి కాగితం మీద 1,100 వేశాడు. నా వినయం ఆయనకి నచ్చిందని మురిసిపోయాను కూడా. నెలాఖరుకి జీతాల రిజిస్టర్ నా ముందు పెట్టి రాయమన్నారు. రూళ్ళకర్రతో గీతలు కొట్టుకుంటూ వస్తున్నాను. పద్నాలుగో వరసలో నా పేరు, 1,100. పదిహేనో వరసలో నా తరవాత మూడు రోజులకి చేరిన కుర్రాడు. అదే బీకాం, అదే బల్ల, అదే పని. వాడికి 1,350. ఆ అంకె నా చేత్తోనే వేశాను. ఆ నెలే కాదు, ప్రతి నెలా వేశాను.

చాన్నాళ్ళకి టీ తాగుతూ “నువ్వేం చెప్పావురా అప్పుడు?” అని అడిగాను. “పదిహేనొందలు కావాలన్నాను. పదమూడు యాభై ఇస్తామన్నారు. సరే అన్నాను” అన్నాడు. అంతే సంగతి. మా ఇద్దరికీ ఏటా ఇంక్రిమెంటు పది శాతమే. పది మీద పది పడుతూ పోయి, ఆ 250 తేడా పదేళ్ళకి 650 దగ్గరికి వెళ్ళింది. పీఎఫ్ తేడా వేరే.

తరవాత అడగడం మొదలుపెట్టాను కానీ, అదీ తప్పుగానే అడిగాను. “ఇంటద్దె పెరిగింది సార్, పిల్లాడి ఫీజు కట్టాలి సార్” అని నా కష్టాలన్నీ ఏకరువు పెట్టాను. ఆయన సావధానంగా విని, తన కూతురి పెళ్ళి ఖర్చులు చెప్పడం మొదలెట్టాడు. అరగంట ఆయన్ని ఓదార్చి బయటకొచ్చాను. నీకు ఇంటి లోను ఉంది, తమ్ముడి చదువుంది, నాకు తెలుసు. అవి ఆ గదిలో ఎత్తకు. అక్కడ నీ పని గురించే మాట్లాడు.

ఈ మొహమాటం మనకి ఎక్కడ పట్టుకుందో అని ఆలోచిస్తుంటాను. మీ అమ్మమ్మ పలాసలో జీడి బట్టీకి వెళ్ళేది, పొట్టు తీసే పని. కిలో లెక్కన కూలి. చదువు రాదు. రోజూ సాయంత్రం వచ్చి పొయ్యి పక్క గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది, కిలోకి ఒక గీత, అరకిలోకి సగం గీత. వారం కూలి రోజున గుమాస్తా అరకిలో తక్కువ చదివితే అక్కడే నిలబడిపోయేది. “నీ బుక్కులో ఏటుందో నాకు తెల్దు బాబూ, నా గోడ మీద మాత్రం అరకిలో ఎక్కువుంది” అనేది. ఇప్పించుకునే వచ్చేది. అలాంటి మనిషి నేను ఉద్యోగంలో చేరే ముందురోజు ఏమందో తెలుసా? “నెల జీతం కదరా, ఆల్లిచ్చింది పుచ్చుకో. అడిగితే బాగోదు.” కూలి అయితే తన కష్టం, జీతం అయితే వాళ్ళ దయ అని ఆవిడ లెక్క. అదే నిన్న నీ నోట విన్నాను.

సరే, అసలు లెక్కలోకి వద్దాం. వాళ్ళు ‘ఏడాదికి 3 లక్షల ప్యాకేజీ’ అంటారు. నువ్వు 12తో భాగించి నెలకి 25,000 అనుకుని అమ్మకి ఫోన్ చేసేస్తావు. ఆగు. బేసిక్ 12,500 అనుకో. కంపెనీ తన వంతుగా కట్టే పీఎఫ్ 12 శాతం, అంటే 1,500, ఆ 25,000లోనే కలిపేస్తారు. గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే మొత్తం, దాని కింద బేసిక్‌లో 4.81 శాతం, అంటే 601, అదీ అందులోదే. మిగిలింది 22,899. నీ కోతలకి ముందుండే ఈ మొత్తాన్నే గ్రాస్ అంటారు. అందులోంచి నీ వంతు పీఎఫ్ ఇంకో 1,500, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 కోస్తే చేతికొచ్చేది 21,199. బస్సుకీ క్యాంటీన్‌కీ కోత ఉంటే అదీ పోవాలి. పీఎఫ్ ఎక్కడికీ పోదు, నీ పేర ఉన్న పీఎఫ్ నంబరు, యూఏఎన్ అంటారే, దాని మీదే ఉంటుంది. గ్రాట్యుటీ మాత్రం మామూలుగా అయిదేళ్ళు నిండితేనే చేతికొస్తుంది. ఫిక్స్‌డ్ టర్మ్, అంటే ఇంతకాలమని రాసిచ్చిన ఉద్యోగమైతే, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టాల (లేబర్ కోడ్‌ల) ప్రకారం ఏడాదికే అర్హత. నీ లెటర్‌లో ఏ మాట రాశారో చూడు. బేసిక్ మరీ తగ్గించి అలవెన్సులు పెంచినా చూడు. ఆ కోడ్‌ల ప్రకారం అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటినంత మేరా వేతనం కిందే లెక్కకొస్తుంది. అందుకని ఎప్పుడు మాట్లాడినా ‘నెలకి గ్రాస్ ఎంత’ అనే అడుగు. ప్యాకేజీ మాట వాళ్ళకే వదిలెయ్.

ఇంకొకటి ఉంది, దీని గురించి ఎవరూ చెప్పరు. ఇప్పుడు నీ గ్రాస్ 17,000 కాబట్టి ఈఎస్ఐ ఉంది, ఉద్యోగుల ఆరోగ్య బీమా. నీ దగ్గర 0.75 శాతమే కోస్తారు, కంపెనీ 3.25 శాతం కడుతుంది. నీ మీద ఆధారపడ్డ అమ్మానాన్నలకీ అందులో వైద్యం దొరుకుతుంది. గ్రాస్ 21,000 దాటిందా, ఈఎస్ఐ గీత దాటినట్టే. వెంటనే ఆగదులే. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి అని ఆరేసి నెలల కాలాలుంటాయి, నడుస్తున్న కాలం అయ్యేదాకా కోత ఉంటుంది. ఆ తరవాత కోత ఆగుతుంది, కొన్నాళ్ళకి వైద్యమూ ఆగుతుంది. మా దగ్గర ఒక ఫిట్టరు 21,300 వచ్చిందని స్వీట్లు పంచాడు. ఏడాది తిరక్కుండా వాళ్ళ నాన్నకి ఆపరేషన్ పడింది, మొత్తం చేతి నుంచే పెట్టుకున్నాడు. అలాగని పెంచొద్దని అనమను కదా! గీత దాటేటప్పుడు “మెడిక్లెయిమ్ ఉందా సార్, అందులో తల్లిదండ్రులు ఉంటారా?” అని అడుగు. మీ నాన్న బీపీ సంగతి నీకు నేను చెప్పాలా.

డిజిగ్నేషన్ కూడా చూసుకో. వర్కర్ కేటగిరీలో ఉన్నవాళ్ళకి ఓవర్‌టైమ్ చట్టప్రకారం రెట్టింపు రేటు. ‘ఎగ్జిక్యూటివ్’ అని పేరు పెట్టి, తరవాతి షిఫ్ట్ మనిషి రాలేదని రాత్రి పదింటిదాకా ఉంచి, ఓటీ లేదనే చోట్లున్నాయి. పేరు పెద్దదని సంబరపడకు.

మగవాడి జీతం, ఆడదాని వయసు అడగకూడదంటారు. ఆడదానికీ జీతం ఉంటుందని ఆ మాట పుట్టించినవాడికి తట్టనే లేదు. నువ్వు మాత్రం అడుగు. నీతోపాటు చేరి పక్క యూనిట్‌కి మారిన అమ్మాయిని అడుగు, బస్సులో సీనియర్లని అడుగు. నీ బ్యాచ్ మగపిల్లల్ని కూడా అడుగు. ఒకే పనికి ఆడా మగా తేడా లేకుండా ఒకే జీతం అనేది 1976 నుంచీ చట్టం. నీ అనుభవానికి బయట 22 నుంచి 25 వేల దాకా ఇస్తున్నారని నువ్వే అన్నావు. కాబట్టి 24,000 అడుగు. 22,000 లోపలయితే అక్కడికక్కడ సంతకం పెట్టకు, “రేపు చెబుతాను సార్” అను. లేని ఆఫరు ఉందని మాత్రం చెప్పకు. మీ కంపెనీ ఉన్న రోడ్డు పొడవునా ఉన్న హెచ్‌ఆర్‌లు ఒకళ్ళకొకళ్ళు ఫోన్ దూరంలోనే ఉంటారు.

ఎలా అడగాలో తెలియడం లేదన్నావు. ఇలా అను:

“సార్, చేరి పద్దెనిమిది నెలలైంది. మొదట్లో సీనియర్ పక్కన నిలబడి శాంపిళ్ళు తయారుచేసేదాన్ని. ఇప్పుడు శాంపిళ్ళు పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ మిషన్లు రెండూ నేనే చూస్తున్నాను, స్టెబిలిటీ శాంపిళ్ళ షెడ్యూలూ నాదే. కిందటి ఆడిట్‌లో నా లాగ్‌బుక్కుల మీద ఒక్క అబ్జర్వేషన్ కూడా రాలేదు. ఈ పనికి బయట ఎంతిస్తున్నారో కనుక్కున్నాను. గ్రాస్ 24,000 కావాలని అడుగుతున్నాను.”

తరవాత నోరు మూసుకో. ఇదే కష్టం. ఆయన కాగితాలు తిరగేస్తాడు, పెన్ను క్యాప్ తీసి పెడతాడు. ఆ నిశ్శబ్దం భరించలేక మనవాళ్ళు “అంటే... మీకు కుదిరితేనే సార్, లేకపోతే పర్లేదు” అనేస్తారు. ఆ ఒక్క మాటతో రెండు వేలు పోగొట్టుకున్నవాళ్ళని నా కళ్ళతో చూశాను. ఫ్యాన్ చప్పుడు వింటూ కూర్చో.

కుదరదంటే? అనొచ్చు. అడిగిన ప్రతివాడికీ పెరగలేదు, ఒకసారి నన్నయితే కసిరి పంపారు. కానీ రిజిస్టర్‌లో చాలా పేర్లు కొట్టేశాను గానీ, జీతం అడిగినందుకు ఒక్క పేరూ కొట్టలేదు. కుదరదంటే “మళ్ళీ ఎప్పుడు చూస్తారు సార్, అప్పటికి నేనేం చెయ్యాలి?” అని అడుగు. నైట్ షిఫ్ట్ అలవెన్స్ పెంచమని, బస్సు కోత తీసెయ్యమని అడుగు, అవి వాళ్ళ చేతిలో తేలిగ్గా ఉంటాయి. ఆరు నెలలకి చూస్తామంటే ఆ సాయంత్రమే థాంక్స్ చెబుతూ, ఆ మాటే రాసి మెయిల్ పెట్టు. నోటిమాట ఇచ్చిన మేనేజరు ఆర్నెల్లకి వేరే కంపెనీలో ఉంటాడు. ఆ మెయిల్‌లో నెల పేరు కూడా వెయ్యి, ఫిబ్రవరి దాటనివ్వకు. మా దగ్గర ఇంక్రిమెంట్ల లిస్టు ఫిబ్రవరిలోనే పైకి పోయేది, ఏప్రిల్లో అడిగేవాళ్ళని చూస్తే జాలేసేది.

ఆదివారం ఇంటికి రా. నేను హెచ్‌ఆర్‌లా కూర్చుంటాను, నువ్వు అడుగుదువుగాని. అత్తయ్య నవ్వనని ఒట్టేసింది, నమ్మకం లేదనుకో. మూడు నెలల పేస్లిప్పులు పట్టుకురా. కిందటిసారి వదిలేసిన నీ టిఫిన్ క్యారేజీ ఇక్కడే ఉంది.

నీ
మామయ్య