ఫైర్‌వాల్ లాగ్‌లను వర్చువల్ మేనేజ్‌మెంట్ సర్వర్లలోనే భద్రపరచవచ్చా?

అన్ని ఫైర్‌వాల్‌ల లాగ్‌లనూ (ఏ కనెక్షన్‌ను వదిలిందో, దేన్ని ఆపిందో రాసే నమోదులు) మీకున్న రెండు వర్చువల్ మేనేజ్‌మెంట్ సర్వర్లకే (ఫైర్‌వాల్‌ల పాలసీలను, అంటే నియమాలను, మార్చేది వీటినుంచే) పంపవచ్చా, డిస్క్ ఎంత కేటాయించాలి అని అడిగారు. పంపవచ్చు, అయితే లాగ్‌ల డిస్క్ సిస్టమ్ డిస్క్‌కు వేరుగా ఉండాలి, దానికి కేటాయించిన చోటు నిజంగా ఉండాలి.

మొదటిసారి ఈ పని చేసినప్పుడు నేను లాగ్‌ల డిస్క్‌ను థిన్ ప్రొవిజనింగ్‌లో (చోటును ముందే కేటాయించక, రాసేకొద్దీ తీసుకునే పద్ధతిలో) ఇచ్చాను. సర్వర్‌కు 2 టీబీ కనిపించేది గాని, వెనుకనున్న డేటాస్టోర్‌లో (వర్చువల్ డిస్క్‌లను ఉంచే అసలు నిల్వలో) అంత ఖాళీ లేదు. పైగా అప్‌గ్రేడ్‌కు ముందు తీసిన స్నాప్‌షాట్‌ను (పాత స్థితికి తిరిగి వెళ్లేందుకు తీసేది, ఆ తర్వాతి మార్పులన్నీ వేరే ఫైలులో చేరతాయి) తొలగించడం మరచిపోయాం. రాత పని ఎప్పుడూ ఆగని సర్వర్ కనుక ఆ స్నాప్‌షాట్ ఫైలు కూడా పెరుగుతూ పోయి, ఒక రాత్రి డేటాస్టోర్ నిండిపోయింది. జంట సర్వర్లను రెండింటినీ దానిమీదే పెట్టాం కాబట్టి రెండూ ఒకేసారి ఆగిపోయాయి. ఫైర్‌వాల్‌లు ట్రాఫిక్‌ను మామూలుగానే నడిపాయి గాని, తెల్లవారేదాకా ఒక్క పాలసీ కూడా మార్చలేకపోయాం. ఇప్పుడు రెండింటినీ వేర్వేరు హోస్ట్‌లలో (వర్చువల్ సర్వర్లు నడిచే అసలు యంత్రాలలో), వేర్వేరు డేటాస్టోర్‌లలో ఉంచుతున్నాను.

డిస్క్ పరిమాణాన్ని ఊహించకండి. రద్దీ రోజున సెకనుకు ఎన్ని లాగ్‌లు వస్తున్నాయో కొలవండి. ఒక్కొక్కటి 500 బైట్ల చొప్పున సెకనుకు 1,000 లాగ్‌లు వస్తే రోజుకు 43.2 జీబీ, 90 రోజులకు సుమారు 3.9 టీబీ అవుతుంది. లాగ్‌లను వెతకడానికి వాడే ఇండెక్స్‌కు పట్టే చోటు దీనికి అదనం.

సిస్‌లాగ్‌ను (పరికరాలు లాగ్‌లను నెట్‌వర్క్‌లో పంపే పద్ధతి) యూడీపీ (అందిందో లేదో చూసుకోని రవాణా పద్ధతి) 514 పోర్టు మీదుగా పంపడం తేలికే గాని, దారిలో పోయిన ప్యాకెట్ పోయినట్టు ఎవరికీ తెలియదు. పరికరం అనుమతిస్తే గుప్తీకరించి పంపే టీఎల్ఎస్‌తో 6514 పోర్టు వాడండి. పాత ఆర్ఎఫ్‌సీ (ఇంటర్నెట్ పద్ధతులను వివరించే పత్రం) 3164 పద్ధతిలోని సమయముద్రలో సంవత్సరమూ టైమ్ జోనూ ఉండవు కాబట్టి, వీలైతే ఆర్ఎఫ్‌సీ 5424 పద్ధతిని ఎంచుకుని, పరికరాలన్నిటికీ గడియారాలను సరిచేసే ఎన్‌టీపీ మూలాన్ని ఒకటే ఇవ్వండి. మా దగ్గర ఒక ఫైర్‌వాల్ గడియారం ఏడు నిమిషాలు వెనుకబడి ఉండటంతో, ఒకే కనెక్షన్‌కు చెందిన రెండు లాగ్‌లను జత చేయడానికి సగం రోజు పట్టింది.

చివరగా, ఏ ఫైర్‌వాల్ నుంచైనా పది నిమిషాలపాటు ఒక్క లాగ్ కూడా రాకపోతే హెచ్చరిక వచ్చేలా పెట్టి, ఒక ఫైర్‌వాల్‌లో లాగ్ పంపడాన్ని కావాలనే ఆపి, ఆ హెచ్చరిక వస్తుందో లేదో చూసుకోండి.