ముంగిట కంచెల మీద తీర్పు చెప్పబోయే మా అబ్బాయికి

చిరంజీవి శ్రీకర్‌కు పెద్దమ్మ ఆశీస్సులు.

మీ ఊరి చారిత్రక పరిరక్షణ కమిషన్‌లో నిన్ను సభ్యుడిగా నియమించారని మీ అమ్మ చెప్పగానే, ఒహాయోలో నూరేళ్ళ నాటి వీధుల బాగోగులు చూసే పని మన ఇంటి పిల్లవాడికి అప్పగించారని పొంగిపోయాను. మొదటి సమావేశంలోనే, ఇంటి ముంగిట కంచె వేసుకోవడానికి మీ అనుమతి కోరే దరఖాస్తులు మూడు ఉన్నాయని విన్నాక మాత్రం దిగులు పట్టుకుంది. ఇంటికి కొత్త గది కలుపుతామని ఎవరైనా వస్తే సభ్యులందరూ నక్షాలు శ్రద్ధగా తిరగేస్తారు. కంచె అనేసరికి గడియారం చూసుకుంటారు. వీధిన పోయే మనిషి కంటికి ఇంటికన్నా ముందు ఆనేది ఆ కంచేనన్న సంగతి అప్పుడెవరికీ గుర్తుండదు.

మామూలు జాగ్రత్తలు నీకు వేరే చెప్పనక్కరలేదు. సిబ్బంది నివేదిక చదువు, కొలతలు లేని నక్షాను ఒప్పుకోకు, స్థలం హద్దు ఎక్కడో, మూలమలుపులో కారు నడిపేవారి చూపుకు అడ్డం వస్తుందేమో చూడు. ఎత్తు విషయంలో చాలా ఊళ్ళ నియమాలు మూడు, నాలుగు అడుగుల మధ్యనే ఆగుతాయి. వీధిని చూసి రావడానికి పగటిపూటే వెళ్ళు. మంచు పడిన రోజున అసలు వెళ్ళకు.

అన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: ఆ ముంగిట ఒకప్పుడు కంచె ఉండేదా? స్థలం కొనగానే ప్రహరీ కట్టుకునే దేశం నుండి వచ్చిన మనకు కంచె లేని ముంగిలి అసంపూర్తిగా కనిపిస్తుంది. ఈ దేశంలోనూ పందొమ్మిదో శతాబ్దపు ఊళ్ళలో ఆవులు, పందులు వీధుల్లో తిరిగినన్నాళ్ళు ముంగిళ్ళకు కంచెలు తప్పలేదు. పశువులను కట్టడి చేసే చట్టాలు వచ్చాక ఆ అవసరం తగ్గింది. చికాగో దగ్గరి రివర్‌సైడ్‌కు రూపకల్పన చేసినప్పుడు ఓమ్‌స్టెడ్, వాక్స్ అనే ఉద్యానవన రూపశిల్పులు ఇళ్ళను వీధి నుండి వెనక్కి జరిపి, పచ్చిక పరుచుకున్న ముంగిళ్ళే వీధికి శోభ అయ్యేట్టు చూశారు. మన ఒహాయోలోని టొలీడోకు చెందిన ఫ్రాంక్ స్కాట్ ఇంటి తోటల మీద 1870లో రాసిన పుస్తకంలో, ముంగిలిని దారిన పోయేవారి చూపుకు మూసివేయడం ఇరుగుపొరుగు ధర్మం కాదన్నంత గట్టిగా వాదించాడు. అటువంటి వీధిలో ఎంత అందమైన కంచె వేసినా, వీధి పొడవునా సాగే ఆ పచ్చిక తెగిపోతుంది. కొలంబస్‌లోని జర్మన్ విలేజ్‌లో ఇటుక ఇళ్ళ ముందరి చిన్న ముంగిళ్ళకు నల్లటి ఇనుప కంచె చక్కగా ఒదుగుతుంది కదా అంటావేమో. అది ఆ వీధుల తీరు, మీ వీధిది కాకపోవచ్చు. పాత ఫోటోలు చూడు. కాలిబాట అంచున రాతి గట్టు ఉంటే దాని మీద సీసం పోసిన రంధ్రాలున్నాయేమో వంగి చూడు. అవి ఉంటే ఒకప్పుడు ఇనుప కంచె ఉన్నట్టే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942 ప్రాంతంలో, అటువంటి కంచెలు ఎన్నో పాత ఇనుము సేకరణలో కరిగిపోయాయి.

ఇక మా ఊరి కమిషన్‌లో నేను సభ్యురాలిగా చేరకముందే అక్కడ జరిగిన ఒక పొరపాటు సంగతి చెప్పాలి, ఎందుకంటే దాని ఫలితం నా హయాంలోనే మా నెత్తిన పడింది. 1920ల నాటి ఒక బంగళా (ఈ దేశంలో చిన్న ఇంటినే అలా అంటారు) ముందు తుప్పు పట్టిన తీగ కంచె ఉండేది. దాన్ని తీసేసి, మొనదేలిన చెక్క పలకలతో తెల్లటి పికెట్ కంచె వేస్తామని ఇంటివారు అడిగారు. మార్గదర్శకాలలో చెయిన్ లింక్, అంటే వజ్రాకారపు గళ్ళ తీగ వల, కూడదని ఉంది. ఇదీ తీగే కదా అని కమిషన్ వెంటనే ఒప్పుకొంది, పైగా పాతకాలపు అందం తిరిగి వస్తుందని మెచ్చుకుంది. నిజానికి అది చెయిన్ లింక్ కాదు. నిలువు తీగలను పైన విల్లులా వంచి అల్లిన ఆ కంచె, ఆ బంగళాల కాలానికి చెందినదే. తరువాత ఒక పెద్దావిడ తన చిన్ననాటి ఫోటో గ్రంథాలయానికి ఇచ్చింది; అందులో పిల్లలు ఆ కంచెను పట్టుకుని నిలబడి ఉన్నారు, వెనక వీధి పొడవునా అవే తీగ విల్లులు. పికెట్ కంచె ఆ వీధిలో ఎన్నడూ లేదు. పాత కట్టడాల పరిరక్షణకు అమెరికా ప్రభుత్వపు ఇంటీరియర్ శాఖ పెట్టిన ప్రమాణాలు వద్దన్నది సరిగ్గా ఇదే: ఉన్నదాన్ని బాగుచేయకుండా తీసేయడం, లేని చరిత్రను తెచ్చి అతికించడం.

అంతటితో పోలేదు. నేను చేరాక పక్కింటివారు వచ్చి, వాళ్ళకు ఇచ్చారు కనుక మాకూ పికెట్ కంచెకు అనుమతి ఇవ్వండి అన్నారు. ఏ దరఖాస్తునైనా దానికదిగా చూడాలన్నది నిజమే, కాని ఒకే వీధిలో ఒకరికి అవునని, ఇంకొకరికి కాదని అన్నప్పుడు కారణం కాగితం మీద స్పష్టంగా లేకపోతే అప్పీలులో నిలవదు. పాత తీర్మానంలో కారణమే రాయలేదు. ఆ ఫోటోను రికార్డులో చేర్చి, పాత తీర్పు ఎందుకు ఆదర్శం కాదో వాక్యం వాక్యంగా రాయించి, తీగ కంచెను బాగుచేసుకోమని చెప్పడానికి మాకు రెండు సమావేశాలు పట్టింది. అటువంటి అల్లిక ఇప్పటికీ దొరుకుతుందని తెలిసి ఇంటాయన శాంతించాడు. కాబట్టి ఒప్పుకున్నా, కాదన్నా, కారణం రాయించకుండా కుర్చీలోంచి లేవకు.

నీ మెత్తని మనసే నాకు అసలు భయం. చిన్నప్పుడు ఎవరు ఏమడిగినా నీ చేతిలోది ఇచ్చేసేవాడివి. రేపు మన తెలుగువాళ్ళే ఎవరో ఉగాది భోజనాల దగ్గర, "తమ్ముడూ, పసిపిల్ల వీధిలోకి పరుగెడుతోంది, ఆరడుగుల కంచె కావాలి" అంటారు. పసిపిల్ల మాట వింటే నీ గుండె కరుగుతుంది, కరగాలి కూడా. అయినా ఆ మాట అక్కడ వినకూడదు; అందరి ముందు సమావేశంలో చెప్పమని మర్యాదగా చెప్పి, వడ్డన వైపు నడువు. సమావేశంలో మాత్రం ఓపికగా వినరా నాన్నా. పిల్లల కోసం ఎత్తైన కంచెను ఇంటి పక్క గోడకు వెనగ్గా, పెరట్లో వేసుకునే దారి చాలాసార్లు ఉంటుంది. అది చూపించకుండా కాదనడం మొరటుతనం. "నా స్థలం, మీకేమిటి?" అని కోప్పడేవారితో వాదనకు దిగకు. పాత కట్టడాలను కాపాడే చట్టాలు చెల్లుతాయని 1978లో పెన్ సెంట్రల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ సంగతి నగర న్యాయవాది చూసుకుంటాడు.

సమావేశం ముగిశాక ఎంత రాత్రయినా ఫోను చెయ్యి, మేలుకునే ఉంటాను. తీర్పు అయ్యేదాకా మాత్రం ఆ మూడు దరఖాస్తుల సంగతి నాకు కూడా చెప్పకు. చెబితే నేను నోరు కట్టుకుని ఉండలేను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ